ఓక్లహోమా భోజనంలో మాంసం తీసేస్తే ఓక్లహోమా మిగులుతుందా?

నిర్మల_ఫ్రిస్కో:
వేసవి సెలవుల్లో పిల్లలతో వారానికో అమెరికా రాష్ట్రం పెట్టుకున్నాం. శనివారం పొద్దున క్విజ్, రాత్రికి ఆ రాష్ట్రం వంట. ఈ వారం ఓక్లహోమా. వాళ్లు 1988లో ఏకంగా రాష్ట్ర భోజనమే ప్రకటించుకున్నారు: బెండకాయ వేపుడు, బొబ్బర్లు, మొక్కజొన్న రొట్టె, గ్రిట్స్ (మొక్కజొన్న రవ్వ జావ), పంది బార్బెక్యూ, చికెన్ ఫ్రైడ్ స్టేక్ (పేరుకే చికెన్, వేయించేది గొడ్డు మాంసం), స్ట్రాబెర్రీలు, పెకాన్ పై (పెకాన్ గింజల తీపి వంటకం), ఇంకా బోలెడు. మేం మాంసం తినం. అవి వదిలేసి మిగతావి చేస్తానంటే మా వారు "బెండకాయ, బొబ్బర్లు మనం తినేవేగా, దానికి ఓక్లహోమా అని పేరెందుకు" అంటున్నారు. మీరేమంటారు?

టల్సా_బాబాయ్:
మీ వారిదే కరెక్టమ్మా. ఇది పశువుల నేల. టెక్సస్ పశువుల మందల్ని చిషోమ్ ట్రెయిల్ అనే పాత బాట వెంట కాన్సస్ రైళ్ల దాకా తోలుకెళ్లింది మా మీదుగానే. స్టేక్ తీసేస్తే సగం కథ పోయినట్టే. ఇక్కడ బొబ్బర్లు కూడా చాలామంది పంది మాంసం ముక్క వేసే ఉడికిస్తారు.

గోంగూర_గుంటూరు:
మరి మిగతా సగం మాటేంటి బాబాయ్ గారూ? బెండ, బొబ్బర్లు ఆఫ్రికావి, బానిస వ్యాపారం రోజుల్లో అమెరికా చేరాయి. మొక్కజొన్న ఆదివాసులది. మాంసం తీసేశాక విస్తట్లో మిగిలేవాటికే నా లెక్కన చరిత్ర ఎక్కువ.
నిర్మల గారూ, పోపు మాత్రం వద్దు. బెండకాయలు చక్రాల్లా తరిగి, మజ్జిగలో ముంచి, మొక్కజొన్న పిండిలో దొర్లించి నూనెలో వేయించండి. మన కార్న్‌ఫ్లోర్ కాదు, రవ్వరవ్వగా ఉండే పచ్చ పిండి.

డేటన్_శ్రీను:
వంట సరే, క్విజ్‌లో ఏం అడుగుతున్నారు? మా పిల్లలు రాజధాని, పక్షి, పువ్వు గడగడా అప్పజెప్పి మర్నాటికి మర్చిపోయారు. అడగాల్సింది, 1907లో 46వ రాష్ట్రం కాకముందు అక్కడేముందని. తూర్పు భాగం ఇండియన్ టెరిటరీ. ఆదివాసులను తరలించే 1830 చట్టం తర్వాత చెరోకీ, చోక్టా తెగలవాళ్లను, ఇంకా ఎందరినో సొంత నేల నుంచి అక్కడికి తరిమారు. దారిలో వేలమంది పోయారు. అది వదిలేసి సరదా ప్రశ్నలంటే నాకు మింగుడుపడదు.

స్వాతి_ఎడిసన్:
శనివారం పొద్దున్నే చిన్నపిల్లలకి చావుల లెక్క చెప్తారా శ్రీను గారూ? సూపర్ మార్కెట్లో తోసే బండి 1937లో ఓక్లహోమా సిటీలోనే పుట్టింది. మొదటి పార్కింగ్ మీటర్ కూడా అక్కడే, 1935లో. రాష్ట్ర కాపిటల్ ఆవరణలో పూలమడిలోంచి ఏటవాలుగా బావి తవ్వి, భవనం కింద ఉన్న చమురు తోడారు! ఇంత పెద్దదాన్ని, నేనే నోరెళ్లబెట్టాను. ముందు ఆసక్తి పుట్టనివ్వండి.

డేటన్_శ్రీను:
చమురు దగ్గరే ఆగారేం? 1920ల్లో అక్కడి ఓసేజ్ అనే ఆదివాసీ తెగవాళ్లను వరసగా చంపిందీ వాళ్ల చమురు డబ్బు కోసమే. మీ సరదా ప్రశ్నకి రెండో ప్రశ్న అది.

నిర్మల_ఫ్రిస్కో:
మా చిన్నదానికి ఏడేళ్లు, దానికి బండి ప్రశ్న. పెద్దాడికి పన్నెండు, వాడికి ఓసేజ్. బెండకాయ గుంటూరు పద్ధతిలోనే, సారీ, ఓక్లహోమా పద్ధతిలోనే. స్టేక్ లేదని మా వారు అలిగితే టల్సా బస్సెక్కిస్తా. వచ్చే వారం మా టెక్సస్.

టల్సా_బాబాయ్:
పంపించు తల్లీ, మీ పిన్ని వండుతుంది. టెక్సస్ రాష్ట్ర వంటకం చిల్లీ, అంటే మిరపకాయలేసి ఉడికించే మాంసం కూర, 1977 నుంచి. అందులో రాజ్మా పడితే అక్కడివాళ్లు ఊరుకోరు. మాంసం లేకుండా, రాజ్మా లేకుండా కుండలో ఏం వేస్తావో ఫొటో పెట్టు.