హాలోవీన్ పార్టీకి చాక్లెట్ దెయ్యాలు కావాలి: 22 మంది పిల్లలు, రెండు సాయంత్రాలు, ఓపిక తక్కువ

గోంగూర_గోల
అందరికీ నమస్కారం. మాది డాలస్ పక్కన ఫ్రిస్కో. మా వీధి హాలోవీన్ పార్టీలో డెజర్ట్ బాధ్యత నా నెత్తిన పడింది. నేనే నోరు జారి "నేను చూసుకుంటాలే" అన్నాను, ఎవర్నీ అనడానికి లేదు. పార్టీ శనివారం. చేతిలో ఉన్నవి గురు, శుక్రవారాల సాయంత్రాలు, అవీ ఆఫీసు అయ్యాక.

22 మంది పిల్లలు. ఒక బాబుకి పల్లీలు గానీ, జీడిపప్పు బాదం లాంటివి గానీ అస్సలు పడవు. నాలుగు కుటుంబాలు శాకాహారులు, అందులో రెండిళ్ళవాళ్ళు గుడ్డు కూడా ముట్టరు. "నీకు ఇది వద్దమ్మా" అని ఏ బిడ్డకీ చెప్పకుండా అందరికీ ఒకటే పెట్టాలని నా పంతం. చాక్లెట్‌తో, చూడగానే కెవ్వుమనేలా ఏం చేయొచ్చు?

ఇంకోటి. పోయినేడు స్ట్రాబెర్రీలకి తెల్ల చాక్లెట్ తొడిగి దెయ్యాలు చేయబోతే చాక్లెట్ అంతా ఉప్మాలా పొడిపొడిగా అయిపోయింది. ఎందుకలా అయిందో కూడా చెప్తే పుణ్యం ఉంటుంది.

ఉప్పూకారం
శ్మశానం కప్పులు చేసేయండి. పొయ్యి వెలిగించే పనే లేదు. ఇక్కడివాళ్ళు డర్ట్ కప్స్ అంటారు, మా ఇంట్లో మట్టి కప్పులు.

ఇన్‌స్టంట్ చాక్లెట్ పుడ్డింగ్ చిన్న డబ్బా (3.9 ఔన్సులది), రెండు కప్పుల చల్లటి పాలు, కలిపి రెండు నిమిషాలు గిలకొట్టండి. ఐదు నిమిషాల్లో గట్టిపడుతుంది. 8 ఔన్సుల కూల్ విప్ (గిలకొట్టిన క్రీమ్‌లాంటిది) డబ్బా ముందురోజే ఫ్రీజర్లోంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టుకుని, సగం పుడ్డింగ్‌లో నెమ్మదిగా కలపండి. ఓరియోలు ఒక పదిహేను జిప్‌లాక్ కవర్లో వేసి చపాతీ కర్రతో దంచండి. పిల్లలకి అప్పజెప్పే పని ఇదొక్కటే, మిగతావి ఇస్తే మనకి రెండింతలు పని. అడుగున పొడి, మధ్యలో పుడ్డింగ్, పైన మళ్ళీ పొడి. డబ్బాకి ఎనిమిదీ పదీ మధ్య వస్తాయి కాబట్టి మీరు మూడు డబ్బాలు తెచ్చుకోండి. మిగిలితే పెద్దవాళ్ళున్నారుగా.

పైన సమాధి రాళ్ళకి మిలానో బిస్కెట్లు గుచ్చుతారు. నేను పార్లే-జీ గుచ్చుతా. అక్షరాలున్న వైపు వెనక్కి తిప్పి, కరిగించిన చాక్లెట్లో టూత్‌పిక్ ముంచి ఆర్.ఐ.పి. (ఇక్కడి సమాధుల మీద రాసే మాట) అని రాస్తే సరి. అచ్చం రాయిలా ఉంటుంది, గుడ్డు బెడదా ఉండదు. మిగిలిన సగం కూల్ విప్‌ని జిప్‌లాక్ మూల కత్తిరించి గుండ్రంగా పిండి, రెండు చాక్లెట్ చిప్స్ కళ్ళు పెడితే దెయ్యం. మా ఆయన పిండితే అది దెయ్యంలా కాదు, మినప్పిండి వడియంలా వస్తుంది. అయినా పిల్లలు తినేశారు.

నిద్రలేని_నాన్న
మీ తెల్ల చాక్లెట్ సంగతి. స్ట్రాబెర్రీలు కడిగి సరిగ్గా ఆరబెట్టలేదు, అంతే. చాక్లెట్ అంటే కోకో వెన్నలో కలిసి ఉన్న చక్కెరా, కోకో పొడీ, పాలపొడీ (తెల్లదాంట్లో కోకో పొడి ఉండదు). కొవ్వులో ఉన్నంతసేపు అవి విడివిడిగా జారుతుంటాయి. రెండు చుక్కల నీళ్ళు తగిలాయా, చక్కెర తడిసి ఒకదాన్నొకటి పట్టేసుకుంటుంది, గిన్నె మొత్తం ముద్దకడుతుంది. తడి చెంచా, కింద మరిగే నీళ్ళ ఆవిరి, కడిగి తుడవని గిన్నె, ఏదైనా చాలు. రంగులు కూడా అంతే. కేకులకి వాడే మామూలు రంగు నీళ్ళతో చేసినది, అది వేస్తే చెడుతుంది. చాక్లెట్‌కని నూనెతో చేసిన రంగులు విడిగా దొరుకుతాయి.

తమాషా ఏమిటంటే చుక్క నీళ్ళకి చెడింది, ఇంకాస్త పోస్తే బాగుపడుతుంది. వేడి పాలో క్రీమో చెంచా చెంచా వేస్తూ కలుపుతూ ఉండండి, నున్నగా గనాష్ (చాక్లెట్, క్రీమ్ కలిసిన చిక్కటి జారుడు) అయిపోతుంది. ముంచడానికి పనికిరాదు గానీ కప్పుల మీద పోసుకోవచ్చు. పారేయకండి.

మైక్రోవేవ్‌లో సగం పవర్ పెట్టి 30 సెకన్లకోసారి తీసి కలపండి. ముక్కలు ఇంకా కనబడుతుండగానే ఆపేయాలి, గిన్నె వేడికే మిగతాది కరుగుతుంది. తెల్లది ఇట్టే మాడుతుంది. అసలు చాక్లెట్ అయితే మళ్ళీ టెంపరింగ్ గొడవ. నల్లదాన్ని 45 డిగ్రీల పైకి తీసుకెళ్ళి, 28 దాకా దించి, మళ్ళీ 31, 32 దగ్గర పట్టి ఉంచాలి. లేకపోతే పైన బూజు పట్టినట్టు తెల్ల చారలొస్తాయి. 22 మంది పిల్లలకి అంత తపస్సు దేనికి? క్యాండీ మెల్ట్స్ కొనండి. వాటిలో కోకో వెన్న బదులు వేరే నూనె ఉంటుంది, టెంపరింగ్ అక్కర్లేదు. రుచి అంతంతమాత్రమే, దాచేదేముంది.

జాడీమూత
ఉప్పూకారం గారు పురుగుల సంగతి దాటేశారు! మట్టి కప్పుల మీద అందరూ గమ్మీ వార్మ్స్ (పురుగుల్లాంటి సాగే జెల్లీ మిఠాయిలు) పెడతారు. వాటిలో ఎక్కువ వాటికి జెలటిన్ ఉంటుంది, అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసినది. మార్ష్‌మాలోల్లోనూ అదే. మాకు ఈ దేశం వచ్చిన నాలుగేళ్ళకి తెలిసింది, అప్పటికి మా పిల్లాడు ఎన్ని తిన్నాడో దేవుడికే ఎరుక. డ్యాండీస్ అని జెలటిన్ లేని మార్ష్‌మాలోలు ఉన్నాయి, అవి వాడుకోవచ్చు.

చపలచిత్తం
మరి జెల్-ఓ పుడ్డింగ్‌లో కూడా జెలటిన్ ఉంటుందిగా? పేరులోనే ఉంది.

జాడీమూత
లేదండీ, ఇక్కడే అందరూ పొరబడతారు. ఆ కంపెనీదే గలగలలాడే జెల్లీ డబ్బా ఉంటుంది, దాంట్లో జెలటిన్. ఇన్‌స్టంట్ పుడ్డింగ్ డబ్బాని గట్టిపరిచేది మొక్కజొన్న పిండి లాంటి స్టార్చి. అరలో రెండూ పక్కపక్కనే ఉంటాయి, చెయ్యి పెట్టే ముందు చూసుకోండి.

వరంగల్_పోరి
గమ్మీలు ఎందుకక్కా, చలిమిడితోని చెయ్యి. నేను పోయినేడు చేసిన. బెల్లం పాకం పట్టి తడి బియ్యప్పిండి పోసి, నెయ్యి ఏసి దించుడే. కొబ్బరి ముక్కలు, గసగసాలు ఏం ఎయ్యకు. గోరువెచ్చగ ఉన్నప్పుడే చేతికి నెయ్యి రాసుకొని సన్నగ తాల్చితే అచ్చం వానకాలంల పొలంల ఎర్రలు! ఆ రంగు ఏ గమ్మీకి రాదు. చాకుతోని అడ్డంగ గీతలు పెట్టిన్నంటే ఇగ చూస్కో. మా పక్కింటి అమెరికన్ పిల్ల ఏడ్సినంత పని చేసింది, మల్ల మూడు తిన్నది.

పాకం ముదిరితే మాత్రం విరుగుతయ్. లేతగనే దించు.

నిద్రలేని_నాన్న
ఈ ఐడియాకి దండం. నేను చైనా గ్రాస్‌తో ప్రయత్నించాను. వంగే స్ట్రాలు గుత్తిగా గ్లాసులో నిలబెట్టి జెల్లీ పోసి, గడ్డకట్టాక పిండాలి. చైనా గ్రాస్ జెల్లీకి సాగే గుణం లేదు, సగం పురుగులు తలలు లేకుండా వచ్చాయి. స్ట్రాలని ఓ క్షణం వేడినీళ్ళలో ముంచాక కాస్త నయం. చలిమిడే మేలు.

కాఫీ_ఫిల్టర్
ఇవన్నీ మన పండగలా? దీపావళికి ఇంత హడావిడి చేస్తున్నారా ఎవరైనా?

ఉప్పూకారం
2024లో రెండూ ఒకే రోజు, అక్టోబర్ 31న పడ్డాయి కదండీ. మా ఇంట్లో వాకిట్లో ముగ్గు, దాని పక్కన గుమ్మడికాయ దెయ్యం. గుమ్మడికాయ గుమ్మానికి కట్టడం మనకి కొత్తేం కాదు.

కాఫీ_ఫిల్టర్
అదీ నిజమే. కానివ్వండి.

ప్లానో_పిన్ని
శుక్రవారం ఓపిక మిగిలితే సాలెగూడు బ్రౌనీలు చూడమ్మా. డబ్బా మిక్స్ చాలు, ఒక్కో గుడ్డుకి బదులు పావు కప్పు పెరుగు వేస్తే మెత్తగా వస్తాయి. చల్లారాక పైన గనాష్ పోసి, అది జారుతూ ఉండగానే తెల్ల చాక్లెట్‌తో మధ్య నుంచి గుండ్రంగా జంతికలా చుట్లు వేసి, టూత్‌పిక్‌తో మధ్య నుంచి అంచుకి గీతలు లాగు. గూడు వచ్చేస్తుంది. గనాష్ ఆరిపోయిందో, గీత లాగితే పైపొర లేచిపోతుంది. అందుకే రెండు గిన్నెలూ ఒకేసారి సిద్ధంగా పెట్టుకోవాలి. ఫోన్ వస్తే ఎత్తకు.

నల్ల క్రీమ్ కావాలంటే తెల్ల క్రీమ్‌లో నల్ల రంగు ధారపోయకు, చేదెక్కుతుంది, పిల్లల పళ్ళన్నీ బూడిదరంగు. చాక్లెట్ క్రీమ్‌తో మొదలుపెట్టి కాస్త బ్లాక్ కోకో కలుపు. ఓరియోకి ఆ నలుపు అలాంటి కోకో వల్లే.

జాడీమూత
పల్లీల విషయం తేలిగ్గా తీసుకోవద్దు. ఇంటర్నెట్‌లో కనబడే గబ్బిలాలు, సాలీళ్ళు, చీపురు కట్టలు సగం పీనట్ బటర్ కప్పులతోనే చేస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, మీరు మాత్రం వాటి జోలికి పోకండి. పల్లీలు లేని మామూలు ఎమ్ అండ్ ఎమ్స్ ప్యాకెట్ మీద కూడా "పల్లీలు ఉండవచ్చు" అని రాసి ఉంటుంది. ఇండియన్ స్టోర్ బియ్యప్పిండి, బిస్కెట్లకీ లేబుల్ చూడాల్సిందే. మా ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంది కాబట్టి చెబుతున్నా: కొన్నవాటన్నిటి లేబుల్ ఫొటోలు ముందే ఆ తల్లికి పంపండి, ఆవిడే సరే అనాలి. ఇంటి ముందు నెమలికంఠం రంగు గుమ్మడికాయ పెడితే తినేవి కాకుండా బొమ్మలూ స్టిక్కర్లూ కూడా ఇస్తారని గుర్తు. ఫేర్ అనే అలర్జీ సంస్థ 2014 నుంచి దాన్ని దేశమంతా ప్రచారం చేస్తోంది. మీ పార్టీలో కూడా ఒకటి పెట్టండి, ఆ బాబు మొహం చూడండి.

గోంగూర_గోల
పార్టీ అయిపోయింది, వచ్చి చెప్పకపోతే తప్పు.

బ్రౌనీలు జరగలేదు పిన్నీ, శుక్రవారం రాత్రి పదికి నేనే దెయ్యంలా ఉన్నాను. మట్టి కప్పులు 26 వచ్చాయి. లేబుల్ ఫొటోలు పంపితే ఆ బాబు వాళ్ళమ్మ మొదట తెచ్చిన బియ్యప్పిండి వద్దంది. అందుకని బియ్యం నానబోసి, మిక్సీ జార్ రెండుసార్లు కడిగి నేనే పట్టాను. ఇంటి ముందు ఆ రంగు గుమ్మడికాయ కూడా పెట్టాను.

పాకం మొదటి వాయి ముదిరింది. వరంగల్ చెల్లీ, నువ్వు చెప్పినా వినలేదు. రెండో వాయి ఎర్రలు అదిరిపోయాయి. పార్లే-జీ రాళ్ళు మాత్రం మధ్యాహ్నం మూడింటికే గుచ్చేశాను, ఆరింటికల్లా తడికి మెత్తబడి ఒక్కొక్కటే ఒరిగిపోయాయి. వడ్డించే ముందు గుచ్చాలన్నమాట. పాత శ్మశానం అని చెప్పి తప్పించుకున్నాను. ఒకడు "ఇది ఎవరి సమాధి" అని అడిగి, సమాధానం వచ్చేదాకా తినలేదు.

వరంగల్_పోరి
ఎర్రలు మిగిలినయా అక్కా?

గోంగూర_గోల
ఒక్కటీ లేదు. కానీ కొత్త చిక్కొచ్చింది. నాగుల చవితికి చలిమిడి ముద్ద చేస్తుంటే మా చిన్నది వచ్చి "అమ్మా, మళ్ళీ ఎర్రలా?" అని గట్టిగా అరిచింది. వీడియో కాల్‌లో మా అత్తగారున్నారు.