స్కోప్‌లో గీతలు మిల్, నాబ్ మాత్రం ఎంఓఏ: ఎన్ని క్లిక్కులు తిప్పాలి?

డల్లాస్_కుర్రాడు:
అందరికీ నమస్తే. ఈమధ్యే ఒక .22 రైఫిల్ (తూటా వెడల్పు 0.22 అంగుళం), దాని మీదికి ఓ సెకండ్ హ్యాండ్ స్కోప్ (గురి చూసే దుర్భిణి) కొన్నాను. కొట్టడం బాగానే ఉంది, తలనొప్పంతా కొలతలతోనే. ఇక్కడ రేంజ్‌లో దూరాలు గజాల్లో, టార్గెట్ కాగితం మీద గళ్లు అంగుళాల్లో, స్కోప్‌లో కనిపించే గీతలు మిల్ (మిల్లీరేడియన్) అనే కొలతలో, గురిని జరిపే నాబ్ మీదేమో క్లిక్‌కి పావు ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్) అని ఉంది.

50 గజాల్లో ఐదు షాట్లు కొట్టాను. గ్రూప్, అంటే ఆ ఐదు రంధ్రాల గుంపు, బయటి అంచు నుంచి బయటి అంచుకి 1.1 అంగుళం వచ్చింది. గ్రూప్ మధ్యభాగం నేను గురిపెట్టిన చోటుకి 1.2 అంగుళం కింద, 0.8 అంగుళం ఎడమన పడింది. క్లిక్‌కి పావు అంగుళం అని అమ్మినాయన చెప్పాడు కాబట్టి 5 పైకి, 3 కుడికి తిప్పితే సగం దూరమే జరిగింది. స్కోప్ పోయినట్టేనా?

ఇంకో సంగతి, మా బావమరిది హైదరాబాద్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కొడతాడు. వాడిదంతా మిల్లీమీటర్ల లెక్క. వాడి గ్రూపునీ నా గ్రూపునీ పోల్చేదెలా?

బద్ద_పట్టినోడు:
స్కోప్ బంగారంలా ఉంది తమ్ముడూ. పావు అంగుళం అన్నది 100 గజాల మాట. ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, కోణం. దూరం సగమైతే ఆ కోణం కాగితం మీద పట్టే జాగా కూడా సగమే. 100 గజాల్లో 1 ఎంఓఏ అంటే 1.047 అంగుళం, 50 గజాల్లో 0.52. అంటే నీ క్లిక్ ఒక్కోటి అక్కడ 0.13 అంగుళమే జరుపుతుంది. 1.2ని 0.52తో భాగిస్తే 2.3 ఎంఓఏ, నాలుగుతో గుణిస్తే 9 క్లిక్కులు. పక్కకి 0.8 అంటే సుమారు 6. నువ్వు 5, 3 తిప్పేశావు కాబట్టి ఇంకో 4 పైకి, 3 కుడికి తిప్పు, సరిపోతుంది.

గ్రూప్ కొలిచేది అంచు నుంచి అంచుకి కాదు, ఒక రంధ్రం మధ్య నుంచి ఇంకో రంధ్రం మధ్యకి. మధ్య ఎక్కడో కంటికి ఆనదు కాబట్టి అంచులు కొలిచి ఒక బుల్లెట్ వెడల్పు తీసేస్తారు. నీదానికి 0.22 తీసేస్తే 0.88 అంగుళం, అంటే 1.7 ఎంఓఏ. కొత్తవాడికి, మామూలు తూటాలతో, ఇది చెడ్డదేం కాదు.

ఇక మిల్ సంగతి. అదీ కోణమే, ఎంత దూరంలోనైనా ఆ దూరంలో వెయ్యో వంతు జాగా పడుతుంది. 1 మిల్ అంటే 3.438 ఎంఓఏ. నీ నాబ్ లెక్కలో 13.75 క్లిక్కులు, 14 అనుకో. గీతల్లో చూస్తే నీ గ్రూప్ ఒక మిల్‌లో మూడింట రెండొంతులు కిందికి పడింది, ఆ లెక్కన కూడా మళ్లీ 9 క్లిక్కులే. మధ్యలో అంగుళాలూ లేవు, గజాలూ లేవు, దూరం ఎంతో తెలియకపోయినా పని జరుగుతుంది. గీతలూ నాబూ రెండూ మిల్‌లోనే ఉన్న స్కోప్ అయితే ఈ 14 కూడా అక్కర్లేదు, చూసినంతా తిప్పడమే. ఇలా కలగాపులగంగా ఉన్న స్కోపులు ఒకప్పుడు బాగా వచ్చేవి, ఎందుకు చేశారో ఆ చేసినవాళ్లకే తెలియాలి.

థియోడోలైట్_మాస్టారు:
పై లెక్క సరైనదే కానీ ఇంత గుర్తుపెట్టుకోనక్కర్లేదు బాబూ. గ్రూప్ సైజునీ దూరాన్నీ ఒకే యూనిట్‌లోకి తెచ్చి భాగించు. వచ్చినదాన్ని 3438తో గుణిస్తే ఎంఓఏ, 1000తో గుణిస్తే మిల్. అంగుళాలైనా మిల్లీమీటర్లైనా తేడా లేదు. 50 గజాలంటే 1800 అంగుళాలు, 0.88ని 1800తో భాగించి 3438తో గుణిస్తే అదే 1.7. పాలిటెక్నిక్‌లో పిల్లలకి నేర్పే వెర్నియర్ థియోడోలైట్ (సర్వేలో కోణాలు కొలిచే పరికరం) లీస్ట్ కౌంట్, అంటే అది కొలవగల అతి చిన్న కోణం, 20 సెకన్లు (ఎంఓఏలో అరవయ్యో వంతు ఒక సెకను), నీ స్కోప్ క్లిక్ 15 సెకన్లు. అంటే మా పరికరం కన్నా నీదే సన్నంగా కోస్తోంది!

ఒక్క జాగ్రత్త. మిల్ పేరుతో రెండు మూడు కొలతలు తిరుగుతుంటాయి. అసలు మిల్లీరేడియన్ అయితే చుట్టు మొత్తానికి 6283 పడతాయి. నాటో ఫిరంగి దళాలు లెక్క సులువు కోసం 6400 పెట్టుకున్నాయి, సోవియట్ వాళ్లు 6000. ఇప్పటి స్కోపుల్లో మాత్రం సాధారణంగా మిల్లీరేడియనే ఉంటుంది. అలాగే నాబ్ మీద ఎంఓఏ అని కాకుండా '100 గజాలకి పావు అంగుళం' అని రాసి ఉంటే అది అసలు ఎంఓఏ కన్నా దాదాపు 5 శాతం చిన్నది. నీ 9 క్లిక్కులకి ఏమీ తెలియదు, దూరం పెరిగి వంద క్లిక్కులు తిప్పే రోజున తెలుస్తుంది.

గచ్చిబౌలి_10మీ:
మీ బావమరిది తరఫున నేను చెప్తా అన్నా. 10 మీటర్లలో 1 ఎంఓఏ అంటే 2.9 మి.మీ. మా టార్గెట్‌లో పది పాయింట్ల చోటు అర మిల్లీమీటర్ చుక్క, అంటే 0.17 ఎంఓఏ. కంగారు పడకండి, పెల్లెట్ 4.5 మి.మీ. ఉంటుంది, దాని అంచు ఆ చుక్కని తాకితే చాలు, పది వేస్తారు. లెక్కేస్తే పెల్లెట్ మధ్యభాగం 5 మి.మీ. వృత్తంలో పడాలి, అది 1.7 ఎంఓఏ. మీ గ్రూప్ సైజ్ సరిగ్గా అదే! కానీ మీరు స్కోప్ పెట్టి, బహుశా రైఫిల్‌ని బ్యాగ్ మీద ఆన్చి కొట్టి ఉంటారు. మేం నిలబడి, స్కోప్ లేకుండా, పీప్ సైట్‌తో (చిన్న రంధ్రంలోంచి గురి చూసేది) 60 షాట్లు కొడతాం. గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చినప్పుడు క్వాలిఫికేషన్‌లో 600కి 598 కొట్టాడు. పోయినవి రెండే పాయింట్లు. అప్పటికింకా అందులో దశాంశాల్లేవు, ఇప్పుడు క్వాలిఫికేషన్‌లోనూ 10.9 దాకా లెక్కేస్తున్నారు, పది కొట్టినా ఎంత పది అని అడుగుతారన్నమాట.

50 మీటర్లలో పది 10.4 మి.మీ. ఉంటుంది, అక్కడ .22 బుల్లెట్ మధ్యభాగం 16 మి.మీ. వృత్తంలో పడాలి. సుమారు 1.1 ఎంఓఏ. మీ రైఫిల్‌ది కూడా అదే తూటా కాబట్టి మీకు అసలైన పోలిక అది.

డల్లాస్_కుర్రాడు:
బ్యాగ్ ఆన్చే కొట్టాను, దొరికిపోయాను 😀 బద్ద అన్నా, ఆ 14 క్లిక్కుల లెక్క జూమ్ ఎంతలో ఉన్నా పనిచేస్తుందా? నాది 4 నుంచి 12 వరకు తిరుగుతుంది.

బద్ద_పట్టినోడు:
జూమ్ తిప్పి చూడు. టార్గెట్‌తో పాటు గీతలూ పెరుగుతుంటే ఏ జూమ్‌లోనైనా పనిచేస్తుంది. గీతలు అలాగే ఉండి టార్గెట్ ఒక్కటే పెరుగుతుంటే కొలత ఒక్క జూమ్‌లోనే నిజం, చాలావాటిలో అది చివరిది, నీకైతే 12. 6లో పెట్టి చూస్తే గీతల్లో 1 మిల్ అని కనిపించేది నిజానికి 2. నాబ్‌కి మాత్రం ఆ బాధ లేదు, క్లిక్ ఎప్పుడూ క్లిక్కే.

అన్నట్టు, మూడు షాట్ల గ్రూప్ ఫొటో పెట్టి 'నాది ఒక ఎంఓఏ గన్' అనేవాళ్లని పట్టించుకోకు. అదే గన్, అదే మనిషి ఐదు షాట్లు కొడితే గ్రూప్ సగటున పావువంతుకి పైగా పెరుగుతుంది, పది కొడితే మూడు షాట్లదానికి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. గన్‌లో ఏ లోపమూ లేదు, షాట్లు పెరిగేకొద్దీ దూరంగా పడేవి కూడా లెక్కలోకి వస్తాయి, అంతే. ముందు ఆ 4, 3 తిప్పి పది షాట్లు కొట్టి, ఇక్కడ పెట్టు. అంచుల కొలత కాదు, మధ్య నుంచి మధ్యకి.