ఫ్యూజ్ ఫైల్ సిస్టమ్: కాపీ నత్తనడక, డిస్కులోకి వెళ్లకపోయినా సీపీ కమాండ్ "అయిపోయింది" అంటోంది

గోదారిగట్టు

నమస్కారం అండీ. మా ఊళ్లో ఒక పాత గ్రంథాలయంలోని పత్రికలను కొంతమందిమి కలిసి స్కాన్ చేస్తున్నాం. పేజీకి ఒక టిఫ్, ఒక చిన్న జేపీఈజీ, ఓసీఆర్ తీసిన టెక్స్ట్ ఫైలు. ఒకే సంచికను ఇద్దరు ముగ్గురు కాపీ చేసి వేర్వేరు ఫోల్డర్లలో పెట్టేస్తుంటే డిస్కు ఊరికే నిండిపోతోంది. అందుకని లిబ్‌ఫ్యూజ్ 3 (లినక్స్‌లో మామూలు ప్రోగ్రాముగానే ఫైల్ సిస్టమ్ రాసుకోనిచ్చే ఫ్యూజ్‌కి లైబ్రరీ) మీద సీ భాషలో ఒక చిన్న ఫైల్ సిస్టమ్ రాశాను. సోర్స్ ఓపెన్‌గానే ఉంది, ఇంకో రెండు గ్రంథాలయాల వాళ్లు కూడా వాడుతున్నారు.

పనిచేసే తీరు ఇదీ: ఫైలును 128 కేబీ ముక్కలు చేసి ఒక్కోదానికి షా-256 (వేలిముద్ర లాంటి హాష్) తీస్తుంది. ఆ ముక్క ముందే ఉంటే మళ్లీ రాయదు. ముక్కలన్నీ 1 టీబీ యూఎస్‌బీ హార్డ్‌డిస్కు మీద ఈఎక్స్‌టీ4 (లినక్స్‌లో మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్)లో ఉంటాయి. ఏ ఫైలులో ఏ ముక్కలు అన్న లెక్క ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో. మెషీన్‌లో ఉబుంటు 20.04, కెర్నల్ 5.4.

సమస్య ఒకటి. టిఫ్‌లు ఫర్వాలేదు కానీ వేలకొద్దీ చిన్న ఫైళ్లు కాపీ చేస్తే గంటలు పడుతోంది. స్ట్రేస్‌లో (ప్రోగ్రాము కెర్నల్‌ను చేసే కాల్స్ చూపించే టూల్) చూస్తే ప్రతి ముక్కకూ ఒక ఎఫ్‌సింక్ (రాసినది నిజంగా డిస్కు చేరేదాకా ఆగే కాల్), ఆపైన ఎస్‌క్యూలైట్ కమిట్‌కు ఇంకొన్ని.

రెండోది నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. వేగం కోసం ముక్కలు రాసే పనిని వేరే థ్రెడ్‌కి అప్పగించాను. మొన్న కాపీ నడుస్తుండగా యూఎస్‌బీ కేబుల్ కదిలింది. సీపీ మాత్రం మామూలుగా ముగిసింది, ఒక్క ఎర్రర్ లేదు. తర్వాత తెరిస్తే కొన్ని పేజీలు సగం దాకా వచ్చి ఆగిపోయాయి. రిలీజ్ ఫంక్షన్‌లో (ఫైలు వాడకం ముగిశాక ఫ్యూజ్ పిలిచేది) నేను మైనస్ ఈఐఓ (ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్) తిరిగి ఇస్తూనే ఉన్నాను. ఎఫ్‌సింక్ ఫెయిలైతే మూడుసార్లు ప్రయత్నించేలా కూడా పెట్టాను. లాగ్‌లో మొదటిసారి ఫెయిల్, రెండోసారి సక్సెస్ అని ఉంది. అయినా డేటా లేదు! ఇంకో వింత కూడా ఉంది: నా లాగ్ 40 జీబీ ఖాళీ ఉందని చెబుతుండగానే ఈఎన్‌ఓఎస్‌పీసీ (చోటు లేదన్న ఎర్రర్) వచ్చింది.

ఎఫ్‌సింక్‌లు తీసేస్తే కాపీ పరుగెడుతుంది. తీసేయొచ్చా? ఎర్రర్ ఎక్కడ ఇస్తే అవతలివాళ్లకి తెలుస్తుంది? ఆ పత్రికల కాగితం ముట్టుకుంటే పొడి అవుతోంది, రెండోసారి స్కాన్ చేసే అవకాశం లేదు. అందుకే ఇంత టెన్షన్.

పెన్నా_బ్యాకప్

సొంత ఫైల్ సిస్టమ్ ఎందుకండీ? బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ వేసుకుని డూప్‌రిమూవ్ టూల్ నడిపితే డూప్లికేట్లు అదే ఏరేస్తుంది. చెక్‌సమ్‌లు ఉచితం. లేదంటే ఈఎక్స్‌టీ4నే బ్యారియర్ ఆపేసి మౌంట్ చేయండి, ఎఫ్‌సింక్‌లు తేలికైపోతాయి. యూపీఎస్ ఉంటే ఏమీ కాదు.

శేషు_స్టోరేజ్

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ సలహా మంచిదే, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేనూ అదే చెబుతాను. ఇప్పటికే మూడు చోట్ల వాడుకలో ఉన్నదాన్ని మాత్రం గాలికొదిలేయలేం. బ్యారియర్ ఆపడం వద్దే వద్దు. బ్యారియర్ లేకపోతే డిస్కు తన కాష్‌లో పెట్టుకున్నదాన్ని ఏ వరసలోనైనా రాస్తుంది. కేబుల్ ఊడినప్పుడు యూఎస్‌బీ నుంచి కరెంటు తీసుకునే డిస్కుకి కరెంటూ పోతుంది, అక్కడ యూపీఎస్ చేసేదేమీ లేదు. ముక్కలతో పాటు ఈఎక్స్‌టీ4 కూడా పాడవుతుంది.

గోదారిగట్టు గారూ, వేగం కోసం రాతను వెనక్కి నెట్టడంలో తప్పులేదు, ఏ ఫైల్ సిస్టమ్ అయినా చేసేది అదే. కాకపోతే రాత వెనక్కి పోతే దాని ఎర్రర్ కూడా వెనక్కే పోతుంది. అది ఏ కాల్‌లో బయటపడాలో తేల్చుకున్నాకే వేగం సంగతి.

ముందు రిలీజ్. అప్లికేషన్ క్లోజ్ చేసినప్పుడు కెర్నల్ మీ ప్రోగ్రాముకు పంపేది ఫ్లష్. ఫ్లష్ ఇచ్చిన జవాబే క్లోజ్ చేసినవాడికి చేరుతుంది. రిలీజ్ వచ్చేది ఆఖరి రిఫరెన్స్ కూడా పోయాక. అప్పటికి అవతల వినేవాడు ఉండడు, మీరిచ్చిన ఈఐఓని కెర్నల్ పారేస్తుంది. సీపీ నోరు మెదపకపోవడానికి కారణం అదే. గ్నూ సీపీ క్లోజ్ ఫలితాన్ని తప్పకుండా చూస్తుంది, టార్ కూడా చూస్తుంది. కాబట్టి ఫ్లష్‌లో ఆ ఫైలుకి సంబంధించిన క్యూ ఖాళీ అయ్యేదాకా ఆగి, రాసే థ్రెడ్‌కి తగిలిన ఎర్రర్‌ను అక్కడ ఇవ్వండి. డిస్క్రిప్టర్‌ను (తెరిచిన ఫైలుకు కెర్నల్ ఇచ్చే నంబరు) డూప్ చేసుంటే, అంటే నకలు తీసుంటే, ఫ్లష్ ఒకటి కంటే ఎక్కువసార్లు వస్తుంది, అందుకని మెమరీ ఫ్రీ చేసే పని మాత్రం రిలీజ్‌లోనే ఉంచండి.

ఎర్రర్‌ను దాచే పద్ధతి కూడా ముఖ్యం. ఇనోడ్‌లో (ఫైలు వివరాలుండే రికార్డు) ఒక జెండా పెట్టి, మొదట అడిగినవాడికి చెప్పి దించేస్తే, అదే ఫైలు తెరుచుకున్న రెండోవాడికి తెలియదు. లినక్స్ కెర్నల్‌లోనే చాలాకాలం ఇలా ఉండేది. 4.13లో జెఫ్ లేటన్ తెచ్చిన ఎర్‌సీక్ పద్ధతితో మారింది. ఇనోడ్‌లో ఎర్రర్‌తో పాటు ఒక వరస నంబరు ఉంటుంది, తెరిచిన ప్రతి ఫైలూ తను చివరిగా చూసిన నంబరు గుర్తుపెట్టుకుంటుంది. ఎఫ్‌సింక్ అప్పుడు రెండూ తేడాగా ఉంటే ఎర్రర్ ఇచ్చి తన నంబరు మార్చుకుంటుంది. అలా ప్రతివాడికీ ఒకసారి కబురు అందుతుంది. మీరు ఓపెన్‌లో ఎఫ్‌హెచ్ (ఫైల్ హ్యాండిల్) కింద పెట్టే స్ట్రక్చర్‌లో ఒక పూర్ణసంఖ్య చేర్చి, ఫ్లష్‌లోనూ ఎఫ్‌సింక్‌లోనూ పోల్చి చూడండి. ఇరవై లైన్ల పని.

ఇక ఆ మూడుసార్ల ఎఫ్‌సింక్ లూప్. దాన్ని ఈరోజే తీసేయండి, దయచేసి. ఈఎక్స్‌టీ4లో రాత ఫెయిలైనప్పుడు కెర్నల్ ఆ పేజీలను "రాయాల్సినవి" అన్న జాబితాలోంచి తీసేస్తుంది. రెండో ఎఫ్‌సింక్ వచ్చేసరికి రాయాల్సినదేమీ కనబడదు, సక్సెస్ అంటుంది. అంటే మీ లాగ్‌లో ఉన్నది అబద్ధం కాదు, కానీ దానికి మీరనుకున్న అర్థం లేదు. 2018లో పోస్ట్‌గ్రెస్ వాళ్లకి ఎదురైంది సరిగ్గా ఇదే. అంత పేరున్న డేటాబేస్ కూడా ఎఫ్‌సింక్‌ను మళ్లీ కొడితే సరిపోతుందనే నమ్మకం మీద నడిచింది. 2019 ఫిబ్రవరిలో వచ్చిన 11.2, దానితో పాటు విడుదలైన పాత వెర్షన్లు, ఎఫ్‌సింక్ ఫెయిలైతే పానిక్ అయి (అంటే తమంతట తామే ఆగిపోయి), వాల్ లాగ్ (మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) నుంచి డేటాను తిరిగి కట్టుకునేలా మారాయి. 2020లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మూడింటి మీదా ఎఫ్‌సింక్ ఫెయిల్ చేయించి చూశారు. మొదటి రెండూ పేజీని "క్లీన్" అని గుర్తు పెట్టేసి ఊరుకుంటాయి.

మీకు కలిసొచ్చేది ఏంటంటే, ముక్క బఫర్ ఇంకా మీ చేతిలో ఉంటే ఏమీ పోలేదు. ఫెయిలైన ఫైలును నమ్మకుండా, కొత్త పేరుతో కొత్త ఫైలు తెరిచి మొదటినుంచీ రాయండి. అదీ ఫెయిలైతే మీ మౌంట్ మొత్తాన్ని రీడ్-ఓన్లీ చేసి, ఆపైన వచ్చే ప్రతి రాతకీ ఈఆర్ఓఎఫ్ఎస్ (రీడ్-ఓన్లీ అన్న ఎర్రర్) ఇవ్వండి. ఈఎక్స్‌టీ4లో ఎర్రర్స్ ఈక్వల్స్ రీమౌంట్-ఆర్ఓ అన్న ఆప్షన్ ఉన్నది ఇందుకే. చదవడం నడుస్తుంది, రాయడం ఆగుతుంది. స్కానింగ్ దగ్గర కూర్చున్న మనిషికి ఏదో తేడా ఉందని అప్పటికప్పుడే తెలుస్తుంది.

40 జీబీ సంగతి చిన్నది. మీరు స్టాట్‌వీఎఫ్‌ఎస్‌లో (డిస్కులో చోటెంతో చెప్పే కాల్) ఎఫ్_బీఫ్రీ (మొత్తం ఖాళీ బ్లాకులు) చూస్తున్నట్టున్నారు. ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం బ్లాకులు రూట్ కోసం పక్కన పెడుతుంది, 1 టీబీ డిస్కులో అదే దాదాపు 50 జీబీ. మామూలు యూజర్‌కి దొరికేది ఎఫ్_బీఅవైల్. అది చూడండి, అందులోంచి క్యూలో ఎదురుచూస్తున్న బైట్లు కూడా తీసేయండి. చోటు చాలదనిపిస్తే రైట్ కాల్‌లోనే ఈఎన్‌ఓఎస్‌పీసీ ఇచ్చేయండి, ఫ్లష్ దాకా ఆగొద్దు. అది డేటా డిస్కే కాబట్టి ట్యూన్2ఎఫ్ఎస్ కమాండ్‌తో ఆ 5 శాతాన్ని సున్నా చేసుకోవచ్చు.

ఇప్పుడు వేగం. ఎఫ్‌సింక్‌లు తీసేయొద్దు, కూడగట్టండి. మీకు కావాల్సింది ఒక్క వరస మాత్రమే: ముక్కలు డిస్కు చేరాకే వాటి లెక్క ఎస్‌క్యూలైట్‌లో కమిట్ కావాలి. ప్రతి ముక్కకీ విడిగా ఈ తంతు అక్కర్లేదు. కొన్ని వందల ముక్కలు రాసి, ముక్కల డైరెక్టరీ డిస్క్రిప్టర్ మీద ఒక్క సింక్‌ఎఫ్‌ఎస్ (ఆ ఫైల్ సిస్టమ్ మొత్తానికీ ఎఫ్‌సింక్ లాంటిది) కొట్టి, అది సక్సెస్ అంటే ఆ బ్యాచ్ అంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో కమిట్ చేయండి. మధ్యలో కరెంటు పోతే ఎవరూ అడగని ముక్కలు కొన్ని మిగులుతాయి, తర్వాత ఊడ్చుకోవచ్చు. లెక్కలో ఉండి డిస్కులో లేని ముక్క మాత్రం ఉండదు. వాడే ప్రోగ్రామ్ తనే ఎఫ్‌సింక్ అడిగితే బ్యాచ్ నిండే దాకా ఆగకుండా వెంటనే ఇదంతా చేయాలి.

కానీ మీ కెర్నల్ 5.4. 5.8కి ముందు సింక్‌ఎఫ్‌ఎస్ రాత ఫెయిలైనా చెప్పదు, తప్పుడు డిస్క్రిప్టర్ ఇస్తే తప్ప ఎప్పుడూ సక్సెసే. అంటే ఈ డిజైన్‌ను మీ మెషీన్‌లో యథాతథంగా పెడితే అదే జబ్బు ఇంకో రూపంలో తిరిగొస్తుంది. ఉబుంటు 22.04కి మారితే 5.15 వస్తుంది. మారడం కుదరకపోతే, బ్యాచ్‌లోని ఫైళ్లన్నీ తెరిచే ఉంచి, అందరికీ రాత అయ్యాక వరసగా ఎఫ్‌సింక్ కొట్టండి. రాసిన డిస్క్రిప్టర్ మీదే కొట్టాలి, మూసి మళ్లీ తెరిచి కాదు. అన్ని రాతలూ అప్పటికే కెర్నల్ దగ్గర ఉంటాయి కాబట్టి మొదటి ఎఫ్‌సింక్ చేసే జర్నల్ కమిట్‌లో మిగతావాటి పని కూడా కొంత కలిసిపోవచ్చు.

మిగతావి చిన్నవి. ఎంట్రీ, యాట్రిబ్యూట్ టైమవుట్‌లు (పేర్లు, ఫైలు వివరాలను కెర్నల్ గుర్తుంచుకునే గడువు) మామూలుగా 1 సెకను, ఆ ఫోల్డర్లను మీ ప్రోగ్రామ్ తప్ప ఎవరూ మార్చరు గనక బాగా పెంచేయండి. రైట్‌బ్యాక్ కాష్ ఆన్ చేస్తే చిన్న రాతలు కెర్నల్‌లోనే కలిసి పెద్దవై వస్తాయి. అయితే అప్పుడు రాయడానికి మాత్రమే తెరిచిన ఫైలు మీద కూడా కెర్నల్ చదవమని అడుగుతుంది, అపెండ్‌ను కూడా తనే చూసుకుంటుంది. ఆ రెండూ లిబ్‌ఫ్యూజ్‌తో వచ్చే పాస్‌త్రూ_ఎల్‌ఎల్ ఉదాహరణ ఓపెన్ ఫంక్షన్‌లో ఎలా సర్దారో చూసి అలాగే చేయండి.

లావణ్య_క్యూఏ

కేబుల్ లాగి టెస్ట్ చేయకండి, డిస్కు పాడవుతుంది. కెర్నల్‌లోని డివైస్ మ్యాపర్‌లో (డిస్కు మీద ఇంకో పొర పెట్టేది) ఫ్లేకీ అన్న టార్గెట్ ఉంది: కొన్ని సెకన్లు బాగుంటుంది, కొన్ని సెకన్లు ఎర్రర్లు ఇస్తుంది. ఒక లూప్ ఫైలు మీద ఈఎక్స్‌టీ4 చేసి, దాని కింద ఫ్లేకీని ఎర్రర్_రైట్స్‌తో పెట్టండి. పైన మీ ఫైల్ సిస్టమ్ మౌంట్ చేసి సీపీ కొట్టండి. డ్రాప్_రైట్స్ కూడా ఒకసారి ప్రయత్నించండి, అందులో రాత చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. మీరు షా-256 ఎలాగూ దాచారు కాబట్టి చదివేటప్పుడు సరిచూస్తే అదీ దొరుకుతుంది. సరిపోలకపోతే సున్నాలు ఇవ్వొద్దు, ఈఐఓ ఇవ్వండి. సున్నాలు నిండిన పేజీని తెలియక ఎవరో బ్యాకప్‌లోకి కూడా ఎక్కించేస్తారు.

డిస్కు నిండే కేసుకి చిన్న టీఎంపీఎఫ్‌ఎస్ (మెమరీలో ఉండే ఫైల్ సిస్టమ్) చాలు. రాసే కాల్ పీరైట్ అడిగినదానికంటే తక్కువ రాసి తిరిగి రావడం అక్కడ బాగా కనబడుతుంది. దాన్ని పూర్తి రాతగా లెక్కేస్తున్నారేమో ఆ లైను చూడండి.

గోదారిగట్టు

ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. 22.04కి మార్చి, ఫ్లష్, వరస నంబరు, బ్యాచ్‌లు పెట్టాను. గంటలు పట్టే ఫోల్డర్ ఇప్పుడు టీ తాగి వచ్చేలోపు అయిపోతోంది. ఫ్లేకీ పెట్టి చూస్తే సీపీ నిజంగానే "ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్" అని ఆగింది. ఆ లైను చూసి అంత సంతోషం వేస్తుందని అనుకోలేదు.

ఒక్కటి మిగిలింది. వాలంటీర్లు కాపీ అవ్వగానే టెర్మినల్‌లో సింక్ కొట్టి, ఫ్యూజ్ అన్‌మౌంట్ చేసి డిస్కు పీకేస్తారు. నా బ్యాచ్ ఇంకా ప్రోగ్రాములోనే ఉంటే?

శేషు_స్టోరేజ్

మంచి ప్రశ్న, ఇది చాలామంది చూసుకోరు. మామూలు ఫ్యూజ్ మౌంట్‌లో సింక్ కొడితే ఆ కబురు మీ ప్రోగ్రాము దాకా రాదు. కింద ఈఎక్స్‌టీ4 సింక్ అవుతుంది గానీ మీ క్యూ కదలదు. అన్‌మౌంట్ కూడా మీ ప్రోగ్రాము పని ముగిసేదాకా ఆగదు, కమాండ్ తిరిగొచ్చేసినా వెనకాల డిస్ట్రాయ్ ఫంక్షన్‌లో (మీ ప్రోగ్రాములో చివరగా నడిచేది) రాత నడుస్తూనే ఉండొచ్చు.

రెండు పనులు చేయండి. ఒకటి, బ్యాచ్ నిండకపోయినా సరే, 5 సెకన్లకోసారి అది కమిట్ అయ్యేలా టైమర్ పెట్టండి, ఈఎక్స్‌టీ4 కమిట్ గడువు కూడా మామూలుగా అంతే. రెండు, వాలంటీర్లకి ఒక చిన్న స్క్రిప్ట్ ఇవ్వండి: ఫ్యూజ్ అన్‌మౌంట్, తర్వాత మీ ప్రాసెస్ ముగిసేదాకా ఎదురుచూపు, దాని ఎగ్జిట్ కోడ్ సున్నా కాకపోతే ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక, సున్నా అయితే కింది ఈఎక్స్‌టీ4 అన్‌మౌంట్. మీ ప్రోగ్రాము ముక్కల ఫైళ్లు తెరిచే ఉంచితే ఆ ఆఖరి అన్‌మౌంట్ "బిజీ" అని ఒప్పుకోదు, అది మీకు రెండో కాపలా. లేజీ అన్‌మౌంట్ (ఫైళ్లు తెరిచి ఉన్నా "బిజీ" అనకుండా ఒప్పేసుకునేది) ఆప్షన్ మాత్రం ఆ స్క్రిప్ట్‌లో ఎక్కడా రాయొద్దు.