ఆరో తరగతి పిల్లకాయలకి కోణాలు, నిరూపకాలు ఎట్టా మొదలుపెట్టాలి?

కావలి ట్యూషన్:
ఇంటికాడ సాయంత్రం ట్యూషన్ చెప్తా ఉండా, ఆరు ఏడు తరగతుల పిల్లకాయలు తొమ్మిది మంది. లెక్కలు బాగానే చేస్తారు గానీ జామెట్రీ బాక్స్ తీశారంటే గందరగోళమే. నిన్న బోర్డు మీద రెండు కోణాలు గీశా, రెండూ 40 డిగ్రీలే, ఒకదానికి గీతలు జానెడు, ఇంకోదానికి బెత్తెడు, ఏది పెద్దదిరా అంటే అందరూ జానెడు గీతలదే చూపించారు. కోణమానిని ఇస్తే 40ని 140 అని చదువుతారు. నిరూపకాలూ అంతే, గ్రాఫ్ పేపర్ మీద (3,5), అంటే పక్కకి 3 పైకి 5, పెట్టమంటే సగం మంది (5,3) కాడ పెడతా ఉండారు. సినిమా హాల్లో సీటు నంబరు లాగారా అని కూడా చెప్పి చూశా, ఎక్కలా. నిర్వచనాలు బట్టీ పెట్టించడం నాకిష్టం లేదు, ఎవరన్నా దారి చెప్పండి.

ఒంగోలు లెక్కల మాస్టారు:
అమ్మా, అది వాళ్ళ తప్పు కాదు. మనం బొమ్మ గీసి చూపిస్తాం, వాళ్ళు బొమ్మ సైజు చూస్తారు. కోణం అంటే ఎంత తిరిగింది అని. పెన్సిలు పట్టించకుండా ముందు తలుపు కాడికి తీసకపోండి. వీధి తలుపూ, బీరువా తలుపూ సమానంగా ఓరగా తెరిచి ఏది ఎక్కువ తిరిగిందో అడగండి. తర్వాత గడియారం, ముల్లు అంకె నుంచి అంకెకి పోతే 30, మూడు గంటలకి 90, గోడ గడియారమైనా చేతి వాచీ అయినా అంతే గదా. చుట్టూ తిరిగితే 360 ఎందుకు అని ఎవడో ఒకడు అడుగుతాడు, బాబిలోన్ వాళ్ళు అరవైల్లో లెక్కపెట్టేవాళ్ళని చెప్తే చాలు.

ఇంక 140 సంగతి. కాగితం ఒకసారి మడిచి, ఆ మడత అంచు దాని మీదికే వచ్చేట్టు మళ్ళీ మడిస్తే 90 మూల వస్తది. కోణమానిని ముట్టుకోకముందే ఆ మూల ఆనించి, దీనికన్నా చిన్నదా పెద్దదా చెప్పించండి. చిన్నది అన్నోడు 140 ఎట్టా రాస్తాడు?

ముగ్గుల పిచ్చి:
సీటు నంబరు వద్దక్కా. సీటు అంటే ఒక గడి, బిందువు అట్టా కాదు, రెండు గీతలు కలిసే చోటు, అందుకే తికమక. చుక్కల ముగ్గు పెట్టించు. ఏడు వరసలు ఏడేసి చుక్కలు, నట్టనడిమిది మూలబిందువు, అంటే (0,0). ఒకరు అంకెలు చెప్తా ఉంటే ఇంకొకరు కలపాల, ముందు పక్కకి, తర్వాత పైకి. ఎడం పక్కకి పోవాల్సొస్తే మైనస్ వాళ్ళే అడుగుతారు. ఒకటి మాత్రం జాగ్రత్త, తామరపువ్వు లాంటివి పెట్టించొద్దు, అందులో (2,3), (3,2) తారుమారైనా ముగ్గు అదే వస్తది, తప్పు బయటపడదు. చేపో పడవో గీయించు.

నెల్లూరోడు:
ఫోన్లో మ్యాప్ తీయండి. నెల్లూరు అక్షాంశం 14.4, ఒంగోలు 15.5, రేఖాంశం రెంటికీ 80 దగ్గరే, అంటే హైవే దాదాపు వై అక్షమే, నిలువు గీత. ఒక డిగ్రీకి ఇంచుమించు 111 కిలోమీటర్లు, తేడా గుణిస్తే 120 చిల్లర, బస్సులో పోయే దూరానికి సరిపోద్ది. మెలిక ఏందంటే మ్యాప్‌లో అక్షాంశం ముందు రాస్తారు, అంటే వై ముందు, ఎక్స్ తర్వాత, కాబట్టి ఇది చివర్లో చెప్పండి, లేకపోతే వచ్చింది కూడా పోద్ది. ఆ 14.4 కూడా కోణమే, ధ్రువ నక్షత్రం ఆకాశంలో ఇంచుమించు అన్ని డిగ్రీల ఎత్తులోనే కనపడతది. చేయి చాపి పిడికిలి బిగిస్తే 10 డిగ్రీల లెక్క, నెల్లూరు మిద్దె మీద ఉత్తరానికి తిరిగితే ధ్రువ నక్షత్రం పిడికిలిన్నర ఎత్తులో ఉంటది.

ఒంగోలు లెక్కల మాస్టారు:
బాగుంది గానీ ఆరో తరగతికి ఎక్కువ నాయనా.

కావలి ట్యూషన్:
తలుపు పనిచేసింది మాస్టారూ, గోడ అడ్డం లేకపోతే తలుపు 180 దాటుద్దా అని ఒకడు అడిగాడు కూడా. చేప గీయిస్తే ముగ్గురి చేపలు అడ్డంగా పడుకోకుండా నిట్టనిలువుగా లేచి నిలబడ్డాయి, వాళ్ళే చూసుకుని నవ్వి దిద్దుకున్నారు. ధ్రువ నక్షత్రం కోసం మిద్దె ఎక్కాం, మబ్బు. మళ్ళీ శనివారం ఎక్కుతాం.