పనామా కాలువ దాటే రోజు మామయ్యగారికి విసుగు వస్తుందా?

అంబాజీపేట కోడలు:
మా అత్తయ్యగారు, మామయ్యగారు జనవరిలో అమెరికాకు మా దగ్గరికి వస్తున్నారు. ఫ్లోరిడాలో ఎక్కి, పనామా కాలువ దాటి పసిఫిక్ వైపు వెళ్లే విహార ఓడకు నలుగురికీ టిక్కెట్లు తీసుకున్నాం. కాలువ దాటడానికే ఒక పగలంతా పడుతుందట. మామయ్యగారేమో కొబ్బరితోట, వరిచేను వదిలి ఎప్పుడూ కదలని మనిషి. "కాలువ చూడటానికి అంత దూరం ఎందుకమ్మా, మన గుమ్మం ముందే ఉంది కదా" అంటున్నారు. ఎవరైనా వెళ్లివచ్చారా? ఆ రోజు ఎక్కడ నిలబడాలి, ఏం చూడాలి? మాది బాల్కనీ ఉన్న గది కాదు.

లాకుగట్టు:
అమ్మా, 2019లో మా అబ్బాయి తీసుకువెళ్తానన్నప్పుడు నేనూ ఆ మాటే అన్నాను. మా నాన్నగారు కాకినాడ కాలువ మీద లాకుల దగ్గర, అంటే రెండువైపులా తలుపులుండి నీటిమట్టం మార్చి పడవలను ఎక్కించే దించే గదుల దగ్గర, తలుపులు తీసి వేసే లస్కరుగా పనిచేశారు. నా చిన్నతనం ఆ గట్టు మీదే గడిచింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

బాల్కనీ అక్కర్లేదు. తెల్లవారకముందే లేచి ఓడ ముందుభాగంలో పై అంతస్తుకు చేరండి. అట్లాంటిక్ వైపు నుంచి వెళితే మొదట వచ్చేవి గటూన్ లాకులు. వరుసగా మూడు మెట్లు ఎక్కించి ఓడను 26 మీటర్ల ఎత్తున ఉన్న సరస్సులోకి చేరుస్తాయి. అవతలి కొసన పెడ్రో మిగెల్ దగ్గర ఒక మెట్టు, మిరాఫ్లోరెస్ దగ్గర రెండు మెట్లు దింపి పసిఫిక్‌లో వదులుతాయి.

లాకు ముందుకు రాగానే చిన్న తెడ్డు పడవలో ఇద్దరు మనుషులు వచ్చి గట్టుకూ ఓడకూ మధ్య తాడు అందించారు. అంత యంత్రాంగం ఉన్నచోట ఆ పడవ కనిపించేసరికి నాకు మన రేవులే గుర్తొచ్చాయి. లాకు వెడల్పు 33.5 మీటర్లు, మా ఓడ 32. రెండు పక్కలా మూరన్నర చొప్పున ఖాళీ. కింది అంతస్తు రెయిలింగు దగ్గర నిలబడితే పాచిపట్టిన తడిగోడ కళ్లముందే మెల్లగా కిందికి దిగిపోతున్నట్టుంటుంది. నిజానికి మనం పైకి లేస్తున్నాం. ఒక్క కుదుపు లేదు.

మామయ్యగారికి తలుపులు చూపించండి. రెండు రెక్కలూ తిన్నగా మూసుకోవు, దోసిలి కొసలు కలిపినట్టు ఎగువవైపు మొన చేసుకుని ఆనుకుంటాయి. ఎగువ నీళ్లు నెట్టేకొద్దీ ఇంకా బిగుస్తాయి. మా లాకుల దగ్గర చెక్క తలుపులూ అలాగే మూసుకునేవి. ధాన్యం పడవ లోపలికి రాగానే వెనక తలుపులు వేసి, మరచక్రం తిప్పి నీళ్లు వదిలేవారు నాన్నగారు. "నీళ్లే మోస్తాయిరా, మనం తలుపు తీసి వేయడమే" అనేవారు. పనామాలోనూ ఓడను లేపడానికి ఒక్క మోటారు లేదు. సరస్సు నీరు గోడల్లోని తూముల గుండా తనంతట తానే పల్లానికి వస్తుంది. ఆ కాలువ తెరిచింది 1914లో. మా కాలువకు నీళ్లిచ్చే ధవళేశ్వరం ఆనకట్టను కాటన్ దొర పూర్తి చేసింది 1852లో. మన ఊళ్లో తలుపులు తీసిన మనిషి ఈ పని చూడలేదే అని ఆ పూట కళ్లు చెమర్చాయి.

మధ్యలో సరస్సు మీద చాలాసేపు అడవి తప్ప ఏమీ ఉండదు. అప్పుడు భోజనం కానివ్వండి. కులేబ్రా కోత వచ్చేసరికి మళ్లీ పైకి వెళ్లండి. కొండను చీల్చిన చోటు అది. ఫ్రెంచివారు 1881లో మొదలుపెట్టి జ్వరాలకు వేలమందిని పోగొట్టుకుని వదిలేశారు. మలేరియాను మోసేది దోమేనని 1897లో మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ కనిపెట్టాక, ఆ తర్వాత వచ్చిన అమెరికన్లు దోమల మీద పడ్డారు. అప్పటికి గానీ పని సాగలేదు.

కాకినాడ రేవు:
నేను సరుకు ఓడలో ఇంజినీరుగా నాలుగుసార్లు దాటాను. ఒక్క మాట కలుపుతాను. మీ ఓడ వెడల్పు కనుక్కోండి. మరీ పెద్ద ఓడలను 2016లో తెరిచిన కొత్త లాకుల గుండా పంపుతారు. అక్కడ తలుపులు పక్కకు జరుగుతాయి, ఓడను టగ్గులు (నెట్టి, లాగే చిన్న పడవలు) పట్టుకుంటాయి. గోడ మీద పట్టాలపై నడుస్తూ తాళ్లతో ఓడను మధ్యలో నిలిపే విద్యుత్ బళ్లు పాత లాకుల్లోనే ఉంటాయి. ఆ బళ్లు ఓడను లాగవు, ఓడ తన ఇంజనుతోనే కదులుతుంది. పెద్దవాళ్లకు టోపీ, మంచినీళ్లు మరవకండి. అక్కడి ఉక్కపోత మన వైశాఖంలాగే ఉంటుంది.

అంబాజీపేట కోడలు:
చాలా సంతోషమండీ. మీ జవాబు ఫోనులో మామయ్యగారికి చదివి వినిపించాను. మొత్తం విని ఒకటే అడిగారు: "దించేటప్పుడు ఆ మంచినీళ్లన్నీ సముద్రంలోకేనా?"

లాకుగట్టు:
రైతు కదమ్మా, అడగవలసిందే అడిగారు. అవును, సముద్రంలోకే. పాత లాకుల్లో ఒక ఓడ ఈ కొస నుంచి ఆ కొసకు దాటితే సుమారు 20 కోట్ల లీటర్లు పోతాయి. పనామా నగరం తాగే నీళ్లలో కొన్ని ఆ సరస్సువే. 2023లో వానలు లేక సరస్సు దిగిపోతే, రోజుకు 36 దాకా దాటే ఓడలను ఏడాది చివరికి పాతికలోపుకు తగ్గించారు. దాళ్వాలో, అంటే రెండో పంటకు, వంతులవారీ నీటి కోసం శివారు రైతు ఎదురుచూసినట్టు ఓడలు బయట లంగరేసుకుని నిలబడ్డాయి. కొత్త లాకుల పక్కన తొట్లు కట్టి, వాడిన నీటిలో అరవై శాతం దాకా మళ్లీ వాడుతున్నారు. మామయ్యగారికి ఆ సంగతి కూడా చెప్పండి.

మిరాఫ్లోరెస్‌లో చివరి తలుపు తెరుచుకునేటప్పుడు ఆయన పక్కనే ఉండండి. మంచినీరు ఉప్పునీటిలో కలిసే చోట చేపల కోసం పక్షులు నీళ్లలోకి దూకుతుంటాయి. మన మురుగుకాలువ సముద్రంలో కలిసే స్లూయిస్ దగ్గర కొంగలు కాచుకుని ఉంటాయి చూడండి, అచ్చం అలాగే.