ఉమ్మడి లాగిన్‌తో నడిపే టెస్టులు పర్మిషన్ల దగ్గర ఫెయిలవుతున్నాయి

ప్రశ్న (ఒంగోలు నుంచి):
మా ఆఫీసులో నలుగురం ఒకే లినక్స్ సర్వర్‌లో, ఒకే ఉమ్మడి లాగిన్‌తో టెస్టులు నడుపుతాము. ఉదయం సాఫీగా పూర్తయిన టెస్టు మధ్యాహ్నం ‘పర్మిషన్ డినైడ్’ అంటూ ఆగిపోతోంది. నిన్న పరిశీలిస్తే లాగ్ ఫైలు యజమాని రూట్ (సర్వర్ మీద పూర్తి అధికారమున్న ఖాతా) అని, పర్మిషన్లు 644 అని కనిపించాయి. ప్రతిసారీ 777 (అందరికీ అన్ని పర్మిషన్లు) ఇచ్చి నెట్టుకొస్తున్నాము కానీ, అది సరైన మార్గం కాదని తెలుసు. ఏం చేయమంటారు?

జవాబు (కావలి నుంచి):
మీలో ఎవరో సుడోతో, అంటే రూట్ అధికారంతో నడిపించే కమాండ్‌తో, టెస్టు నడిపి ఉంటారండి. అప్పుడు పుట్టిన ఫైలు రూట్ పేరున ఉంటుంది. 644 అంటే మిగిలినవారు చదవగలరే గాని రాయలేరు. లాగిన్ ఉమ్మడిది కనుక ఎవరు నడిపారో తేల్చడమూ కష్టమే. ఎవరి ఖాతా వారికిచ్చి, అందరినీ ఒక గ్రూపులో చేర్చి, లాగ్ ఫైళ్లుండే డైరెక్టరీని ఆ గ్రూపు పేరున పెట్టి, గ్రూపులోని వారంతా అందులో రాయగలిగేలా దానికి 2775 ఇవ్వండి. ముందున్న 2 వల్ల కొత్త ఫైళ్లకు డైరెక్టరీ గ్రూపే వస్తుంది. యుమాస్క్‌ను (కొత్త ఫైళ్లకు ఏ పర్మిషన్లు తీసేయాలో చెప్పే సెట్టింగ్‌ను) 002కు మార్చడం మరవకండి. 022గా వదిలేస్తే ఫైళ్లు మళ్లీ 644గానే పుడతాయి. నేను రెండు రోజులు పోగొట్టుకున్నది అక్కడే.

జవాబు (నెల్లూరు నుంచి):
టెస్టులు టెంప్ డైరెక్టరీలో (తాత్కాలిక ఫైళ్ల కోసం అందరూ వాడే చోట) ఒకే పేరుతో ఫైలు రాస్తుంటే, ఖాతాలు విడదీశాక ఇబ్బంది పెరుగుతుంది. అక్కడ స్టికీ బిట్ ఉంటుంది కాబట్టి ఒకరి ఫైలును మరొకరు తొలగించలేరు. ప్రతి రన్‌కూ వేరే డైరెక్టరీ సృష్టించుకోండి.

ప్రశ్న అడిగినవారు:
కమాండ్ హిస్టరీలో సుడో కనిపించిందండి. ఈరోజే ఖాతాలు విడదీస్తున్నాము.