బీఈడీ ఇంటర్న్‌షిప్: ఓమ్ నియమం పాఠం పీరియడ్‌లో పూర్తి కావడం లేదు, బ్లూప్రింట్ లెక్క కుదరడం లేదు

చాక్‌పీసు_గుంటూరు అడిగారు:

బీఈడీ రెండో సంవత్సరం. మెథడ్స్ గణితం, భౌతికశాస్త్రం. ఇంటర్న్‌షిప్ విజయవాడలో ఒక హైస్కూల్లో, పదో తరగతికి విద్యుత్తు యూనిట్ ఇచ్చారు. నాలుగు సందేహాలు.

1. ఓమ్ నియమానికి ప్రయోగం చేసి చూపించి, వివరించి, మూల్యాంకనం చేసేలా ప్లాన్ రాశాను. పీరియడ్ 45 నిమిషాలు. వివరణ దగ్గరే గంట కొట్టేస్తున్నారు. పైగా రెండో సెల్ కలపగానే అమ్మీటర్ ముల్లు చివరికి వెళ్లి తగులుతోంది. తీగ 28 గేజి నిక్రోమ్, అర మీటరు.

2. కాలేజీ సూపర్‌వైజర్ హెర్బార్ట్ సోపానాల్లో (ఉపోద్ఘాతం, ప్రదర్శన లాంటి పాత పద్ధతి మెట్లు) రాయమంటున్నారు, స్కూల్లో గైడ్ టీచర్ ఐదు దశల ఫైవ్ ఈ నమూనాలో రాయమంటున్నారు. ప్రతి పాఠానికీ రెండు ప్లాన్లు రాయాలా?

3. సాధనా పరీక్షకు 25 మార్కుల బ్లూప్రింట్ (ఏ లక్ష్యానికి ఏ రకం ప్రశ్నలు, ఎన్ని మార్కులో చూపే పట్టిక) వేస్తే అడ్డం మొత్తాలు ఒకలా, నిలువు మొత్తాలు ఇంకోలా వస్తున్నాయి.

4. హాజరు 80 శాతం ఉంటే చాలని సీనియర్లు చెబుతున్నారు. నిజమేనా?

---

బ్రాడీపేట_పంతులు:

ముందు నాలుగోది, రెండు ముక్కల్లో తేలిపోతుంది. 80 శాతం అనేది కాలేజీలో జరిగే తరగతులకీ, ప్రాక్టికల్ పనికీ. ఇంటర్న్‌షిప్‌కి 90. ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2014 నిబంధనల్లోనే అలా ఉంది. రెండేళ్లలో బడిలో గడపాల్సింది 20 వారాలు: మొదటి సంవత్సరం 4, రెండో సంవత్సరం 16. వారానికి ఆరు రోజుల చొప్పున 16 వారాలంటే 96 పనిదినాలు. అందులో 90 శాతం 86.4, అంటే 87 రోజులు. చేతిలో ఉన్న సెలవులు తొమ్మిదే. దసరా, సంక్రాంతి సెలవులు పనిదినాల్లోకి రావు కాబట్టి అవి ఈ తొమ్మిదిని తినవు, కానీ ఆ మేరకు ఇంటర్న్‌షిప్ ముగియడం ఆలస్యమవుతుంది. రోజూ గుంటూరు నుంచి వచ్చేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. వారధి మీద బస్సు ఆగిపోతే ప్రార్థన అయిపోతుంది, ప్రార్థన అయ్యాక పెట్టిన సంతకానికి సగం రోజే రాసే హెడ్‌మాస్టర్లున్నారు. నాన్‌స్టాప్ బస్సైనా సరే, గంటన్నర ముందు బయల్దేరండి.

రెండో సందేహానికి: రెండు ప్లాన్లు అక్కర్లేదు. పాఠం ఒకటే, మారేది గడుల పేర్లు. ఉపోద్ఘాతాన్ని నిమగ్నం అనండి. ప్రదర్శనలో పిల్లలు కొలతలు తీసే భాగం అన్వేషణ, మీరు సూత్రం చెప్పే భాగం వివరణ. అన్వయం విస్తరణ అవుతుంది. పునర్విమర్శ ప్రశ్నలు మూల్యాంకనంలోకి పోతాయి. నిజమైన తేడా ఒక్కచోటే ఉంది. ఫైవ్ ఈ లో పిల్లలు కొలతలు తీయకముందు నియమం పలకకూడదు. హెర్బార్ట్ పద్ధతిలోనూ సాధారణీకరణం (నియమం రాబట్టడం) సంసర్గం (ఫలితాలను పోల్చడం) తర్వాతే రావాలి. అయితే మనవాళ్లలో చాలామంది నియమం ముందే బోర్డు మీద రాసేసి, ఆ తర్వాత ప్రయోగంతో దాన్ని 'నిరూపిస్తారు'. అలా రాస్తే ఇద్దరి దగ్గరా మార్కులు పోతాయి. కొలతలు ముందు, నియమం తర్వాత అన్న వరుసలో రాయండి, ఇద్దరూ సంతకం పెడతారు.

---

బెంజిసర్కిల్_ఫిజిక్స్:

మీ మొదటి ప్రశ్నలో సమయం ఇబ్బంది, ముల్లు ఇబ్బంది రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. పరికరాలు మొరాయిస్తేనే పీరియడ్ పోతుంది.

28 గేజి నిక్రోమ్ అర మీటరు నిరోధం సుమారు 5 ఓమ్‌లు. రెండు సెల్స్ అంటే 3 వోల్టులు, 3 ని 5 తో భాగిస్తే 0.6 ఆంపియర్. స్కూలు ల్యాబుల్లో ఎక్కువగా దొరికేది 0–500 మిల్లీ ఆంపియర్ అమ్మీటర్. ముల్లు చివరికి కొట్టక ఏం చేస్తుంది? 30 గేజి తీగ ఒక మీటరు తీసుకోండి. నిరోధం దాదాపు 14 ఓమ్‌లు. నాలుగు సెల్స్ పెట్టినా 6 ని 14 తో భాగిస్తే 0.43 ఆంపియర్, స్కేలు లోపలే ఉంటుంది. తీగను అట్టముక్కకి చుట్టండి, చుట్లు ఒకదానికొకటి తగలకూడదు. తగిలితే ఆ మేరకు పొడవు తగ్గినట్టే. వోల్టుమీటర్ 0–10 వోల్టులది తీసుకోండి, 0–3 ది మూడో సెల్ దగ్గర చేతులెత్తేస్తుంది.

మంచి సెల్స్‌తో రీడింగులు ఇంచుమించు ఇలా వస్తాయి: 1.4 వోల్టులకు 0.10, 2.8 కి 0.20, 4.2 కి 0.30, 5.4 కి 0.38 ఆంపియర్. భాగిస్తే 14, 14, 14, 14.2. ఆ 0.2 తేడా చూసి కంగారుపడి దిద్దకండి. రీడింగు చదవడంలో ఆ మాత్రం తేడా వస్తుందని పిల్లలకు చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం దొరకదు. నాలుగు సెల్స్‌కి 6 వోల్టులు ఎందుకు రాలేదని ఎవరో ఒకరు అడుగుతారు. సెల్‌కి అంతర్నిరోధం ఉంటుందని ఒక్క ముక్క చెప్పి ముందుకు వెళ్లండి.

మొరాయించేవి ఎక్కువగా ఇవి. కనెక్షన్ తీగల మీద ఎనామిల్ పూత గీకకపోవడం: రీడింగు సున్నా వస్తే నూటికి తొంభైసార్లు కారణం ఇదే, గరుకు కాగితం జేబులో ఉంచుకోండి. ప్లగ్ కీ మూసి వదిలేయడం: సెల్స్ నీరసపడి, రెండో సెక్షన్‌కి వెళ్లేసరికి రీడింగులు మారిపోతాయి. చదివినంతసేపే కీ మూయాలి. మూడోది, తీగ బదులు టార్చి బల్బు పెట్టడం. ఫిలమెంట్ వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది, నిష్పత్తి స్థిరంగా రాదు. బల్బుతో చేయాలంటే అది తర్వాతి పీరియడ్‌కి వేరే పాఠం. ఇక అమ్మీటర్‌ని సమాంతరంగా కలిపితే ప్రయోగం అక్కడితో ముగిసినట్టే, మీటర్ కాయిల్ కాలిపోవచ్చు.

45 నిమిషాల్ని ఇలా పంచండి. హాజరుకీ, పిల్లలు సర్దుకోవడానికీ 4. పూర్వజ్ఞాన ప్రశ్నలకు 4. కొలతలకు 17: ఒక్కో సెల్‌కి రెండు నిమిషాల చొప్పున 8, పిల్లలు భాగహారాలు చేసి పట్టిక నింపడానికి 9. వివరణకూ నల్లబల్ల పనికీ 8. మూల్యాంకనానికి 7, ఇంటిపనికి 2. మొత్తం 42. మిగిలిన 3 నిమిషాలు ప్లాన్‌లో ఖాళీగానే వదలండి, అవి ఎలాగూ పోతాయి. వలయం ముందే బిగించి ట్రేలో తీసుకెళ్లండి, పట్టిక గడులు చార్టు మీద గీసి ఉండాలి. తరగతిలో తీగలు కలుపుతూ కూర్చుంటే 10 నిమిషాలు హారతి కర్పూరమే. పీరియడ్ 40 నిమిషాలే అయితే మూడు సెల్స్‌తో ఆపండి, మూల్యాంకనం మాత్రం కుదించకండి.

గ్రాఫులో నిలువు అక్షం మీద పొటెన్షియల్ భేదం వేస్తేనే వాలు నిరోధాన్ని ఇస్తుంది. అక్షాలు తారుమారు చేసి 'వాలు = నిరోధం' అని రాసిన రికార్డులు ఏటా వస్తూనే ఉంటాయి.

---

మంగళగిరి_మెథడాలజీ:

పై లెక్కతో ఏకీభవిస్తాను. పూర్వజ్ఞానానికి 4 నిమిషాలు మాత్రం ఎక్కువ. మూడు ప్రశ్నలు చాలు, మూడూ నేటి పాఠానికి దారి తీసేవి కావాలి. 'పిల్లలూ, ఇవాళ మనం ఏం నేర్చుకోబోతున్నాం?' అన్నది ప్రశ్న కాదు, పొడుపుకథ. పుస్తకం తెరిచి ఉన్నవాడు శీర్షిక చదివి చెబుతాడు, అంతే.

ప్లాన్ మొదటి పేజీ కూడా చూసుకోండి, సూపర్‌వైజర్ మొదట ఎర్ర సిరా పెట్టేది అక్కడే. 'విద్యార్థి ఓమ్ నియమాన్ని అర్థం చేసుకుంటాడు' అనేది లక్ష్యం, స్పష్టీకరణ కాదు. స్పష్టీకరణ అంటే మీ కంటికి కనిపించే పని. జ్ఞానం కింద 'నియమాన్ని జ్ఞప్తికి తెచ్చుకుంటాడు', అవగాహన కింద 'పొటెన్షియల్ భేదానికీ విద్యుత్ ప్రవాహానికీ సంబంధాన్ని పట్టిక నుంచి రాబడతాడు', వినియోగం కింద 'తీగ పొడవు రెట్టింపైతే ప్రవాహం ఏమవుతుందో ఊహిస్తాడు', నైపుణ్యం కింద 'వలయ పటం గీస్తాడు' అని రాయండి. ఆ తర్వాత మూల్యాంకన ప్రశ్నలతో సరిచూడండి. స్పష్టీకరణ ఉండి దానికి ప్రశ్న లేకపోతే ఆ స్పష్టీకరణ కొట్టేయండి, లేదా ప్రశ్న చేర్చండి. ఒక పీరియడ్‌కి నాలుగైదు స్పష్టీకరణలు మించితే వాటిని చేరుకోవడం మీ వల్లా కాదు, పిల్లల వల్లా కాదు.

విద్యార్థి ప్రతిస్పందన గడిలో అన్నీ ఒప్పు జవాబులే రాయడం ఇంకో అలవాటు. పదో తరగతిలో తప్పకుండా వినిపించే తప్పు జవాబు ఒకటుంది: 'బల్బు దగ్గర కరెంటు కొంత ఖర్చయిపోయి, మిగిలింది వెనక్కి వస్తుంది'. అది ఆ గడిలో రాయండి. దాని పక్కన బోధనా కృత్యం గడిలో 'తీగకు ముందొక అమ్మీటర్, తర్వాతొక అమ్మీటర్ పెట్టి రెండు రీడింగులూ సమానమని చూపడం' అని రాయండి. అలాంటి ఒక్క వరుస ఉంటే చాలు, ప్లాన్ కాపీ కొట్టింది కాదని చదివేవాళ్లకు తెలిసిపోతుంది.

పాఠ్యపుస్తకాలు ద్విభాషల్లో ఉన్నాయి, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. నల్లబల్ల మీద నిరోధం, రెసిస్టెన్స్ రెండూ పక్కపక్కనే రాయండి. పరీక్ష ఏ మాధ్యమంలో రాసినా పదం దగ్గర పిల్లలు ఆగిపోకూడదు.

---

ఏలూరురోడ్డు_మూల్యాంకనం:

బ్లూప్రింట్ సంగతి. మొత్తాలు కలవకపోవడానికి కారణం, శాతాలు ముందు వేసుకుని ప్రశ్నలను తర్వాత వాటిలో ఇరికించడం. జ్ఞానానికి 28 శాతం అనుకుంటే 25 లో 7 మార్కులు. మూడు మార్కుల లఘు ప్రశ్నలూ ఒక మార్కు బిట్లూ కలిపి 7 చేయాలంటే నాలుగు బిట్లు పెట్టి ఇంకో గడిలో సర్దాలి, అక్కడ నుంచి అంతా జారిపోతుంది. తిరగేసి చేయండి. ముందు ప్రశ్నల రకాలు ఖాయం చేసుకోండి:

బిట్లు 8, ఒక్కో మార్కు: 8
లఘు ప్రశ్నలు 4, మూడేసి మార్కులు: 12
వ్యాసరూపం 1, ఐదు మార్కులు: 5

ఇప్పుడు లక్ష్యాలకు పంచండి. జ్ఞానానికి బిట్లు 5, లఘు 1: మొత్తం 8. అవగాహనకు బిట్లు 3, లఘు 2: మొత్తం 9. వినియోగానికి లఘు 1, వ్యాసంలో 3 మార్కులు: మొత్తం 6. నైపుణ్యానికి వ్యాసంలో మిగిలిన 2, అంటే వలయ పటం. 8, 9, 6, 2 కలిపితే 25. శాతాలు 32, 36, 24, 8. అడ్డం, నిలువు కలిశాయి.

వ్యాసం రెండు గడుల్లోకి చీలింది చూశారా, చాలామంది తప్పేది అక్కడే. ప్రశ్నల సంఖ్యను రెండు గడుల్లోనూ బ్రాకెట్లో వేస్తే మొత్తం 14 అవుతుంది, ప్రశ్నాపత్రంలో మాత్రం 13 ఉంటాయి. ఒక గడిలో సంఖ్య వేసి, రెండో గడిలో చుక్క గుర్తు పెట్టి కింద వివరణ రాయండి.

కాలం కూడా సరిచూసుకోవాలి. వ్యాసానికి 10 నిమిషాలు, లఘు ప్రశ్నలకు ఐదేసి చొప్పున 20, బిట్లకు 8: మొత్తం 38. చదువుకోవడానికీ సరిచూసుకోవడానికీ 7. పీరియడ్‌లో సరిపోతుంది, బిట్ పేపర్ చివరి 10 నిమిషాల్లో ఇవ్వండి.

పరీక్షయ్యాక అంశ విశ్లేషణ (ఒక్కో ప్రశ్న ఎలా పనిచేసిందో చూడటం) రాయకుండా సగటుతో ఆపేస్తే రికార్డు అసంపూర్తే. 40 మంది రాశారనుకుందాం. పేపర్లను మార్కుల వరుసలో పేర్చి పైనుంచి 27 శాతం, కిందనుంచి 27 శాతం తీయండి: 10.8, అంటే పదకొండేసి మంది. ఒక బిట్‌కి పై గుంపులో 10 మంది, కింది గుంపులో 4 గురు సరిగా రాశారనుకోండి. 14 ని 22 తో భాగిస్తే 0.64, అది కఠినతా సూచిక. పేరు కఠినత అయినా సంఖ్య పెరిగేకొద్దీ ప్రశ్న తేలికని అర్థం, వైవాలో ఇది తప్పకుండా అడుగుతారు. 10 లోంచి 4 తీసి 11 తో భాగిస్తే 0.55, అది విచక్షణా సూచిక, అంటే పై గుంపునూ కింది గుంపునూ ప్రశ్న ఎంత వేరు చేస్తోందో చెప్పేది. 0.40 దాటితే ప్రశ్న బాగున్నట్టు, 0.20 లోపు వస్తే మార్చాలి. పైవాళ్లు 5, కిందివాళ్లు 6 అయితే సూచిక రుణాత్మకం. అప్పుడు పిల్లల్ని అనకండి, మీ ప్రశ్నను చదువుకోండి. ఎక్కువగా రెండు ఐచ్ఛికాలు ఒప్పయి ఉంటాయి, లేదా 'కానిది ఏది' లో 'కానిది' అన్న మాట రాయడం మర్చిపోయి ఉంటారు.

---

చాక్‌పీసు_గుంటూరు:

చాలా థ్యాంక్స్ అండీ. మా సెక్షన్‌లో పరీక్ష రాసింది 24 మందే. 27 శాతమంటే ఆరుగురే వస్తున్నారు. ఆరుగురితో సూచిక రాస్తే ఒప్పుకుంటారా? ఇంకోటి, బీఈడీ అయ్యాక ఎస్‌జీటీకి (ప్రాథమిక తరగతుల సెకండరీ గ్రేడ్ టీచర్ పోస్టుకి) కూడా రాయొచ్చని కొందరంటున్నారు.

---

ఏలూరురోడ్డు_మూల్యాంకనం:

ఆరుగురిలో ఒక్కడు జవాబు మారిస్తే సూచిక 0.17 కదులుతుంది, నమ్మలేం. 24 మందినీ సగం చేసి పన్నెండేసి మందితో లెక్కించండి, పట్టిక పైన 'విద్యార్థుల సంఖ్య తక్కువైనందున 50 శాతం గుంపులు తీసుకోబడినవి' అని రాయండి. కారణం రాసి ఉంటే ఎవరూ అడ్డు చెప్పరు. పరీక్షరోజు గైర్హాజరైనవాళ్లకు సున్నా వేసి కింది గుంపులో కలపకండి, లెక్క మొత్తం పాడవుతుంది.

---

బ్రాడీపేట_పంతులు:

ఎస్‌జీటీ మాట మర్చిపోండి. 2023 ఆగస్టు 11 న సుప్రీంకోర్టు తీర్పుతో ఒకటి నుంచి ఐదు తరగతులకు బీఈడీ అర్హత కాకుండా పోయింది. ఆ తరగతులకు డీఈడీ లాంటి ప్రాథమిక విద్యా కోర్సులు చేసినవాళ్లే. మీరు స్కూల్ అసిస్టెంట్ (హైస్కూలు సబ్జెక్టు టీచర్) పోస్టుకి చూసుకోండి. మెథడ్స్ రెండూ మార్కుల మెమోలో పేర్లతో సహా సరిగా పడ్డాయో లేదో మెమో చేతికి రాగానే సరిచూసుకోండి. సర్టిఫికెట్ల పరిశీలనరోజు తప్పు కనబడితే యూనివర్సిటీ చుట్టూ తిరగడానికి టైము ఉండదు.